మాస్టర్ ప్లాన్ ముసాయిదా బయటపెట్టారు, అభ్యంతరాలకు 60 రోజులే – ఎక్కడ మొదలుపెట్టాలి?

వాగొడ్డు

అందరికీ నమస్తే. మాది ఉత్తర తెలంగాణలో ఒక చిన్న మున్సిపాలిటీ. పేరు ఇప్పుడే రాయను, ఊళ్లో అందరం కూర్చుని మాట్లాడుకోవడం ఇంకా కాలేదు. రాబోయే 20 ఏళ్లకు మాస్టర్ ప్లాన్ ముసాయిదా అని ఆఫీసులో గోడకు ఒక మ్యాపు అంటించారు, పేపర్లో ఒక మూల నోటీసు వేశారు, 60 రోజుల్లో అభ్యంతరాలు, సలహాలు ఇవ్వమన్నారు. అందులో పది రోజులు ఎవరికీ తెలియకుండానే పోయాయి. 2018లో చుట్టుపక్కల ఊళ్లను మున్సిపాలిటీలో కలిపినప్పుడు మా ఊరు కూడా కలిసింది. ఇప్పుడు మ్యాపులో మా పొలాల మీదుగా 100 అడుగుల రోడ్డు గీత ఉంది, దాని పక్కనంతా ఊదా రంగు. ఊదా అంటే ఇండస్ట్రియల్ జోన్ అని ఎవరో చెబితే తెలిసింది. సర్వే నంబర్లు చదవడానికి రావట్లేదు, ఫోన్లో ఫొటో తీసి పెద్దది చేస్తే మసకగా వస్తోంది.

అడగాల్సింది రెండు. అభ్యంతరం ఎలా రాస్తే లెక్కలోకి తీసుకుంటారు? అసలు రాస్తే ఏమైనా మారుతుందా, లేక లోపల అంతా అయిపోయాక మాతో సంతకం పెట్టించుకోవడమేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాత_ప్లానర్

నేను టౌన్ ప్లానింగ్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. రెండో ప్రశ్నకు ముందు జవాబు: మారుతుంది, కానీ ఊరికే మారదు.

ముసాయిదా అంటే చట్టప్రకారం ఇంకా ప్లాన్ కాదు. మన దగ్గర దీనికి ఆధారం మద్రాసు కాలం నాటి 1920 టౌన్ ప్లానింగ్ చట్టం. ముసాయిదా ప్రచురించాలి, అభ్యంతరాలు తీసుకోవాలి, పరిశీలించాలి, కౌన్సిల్ తీర్మానం చేయాలి, డీటీసీపీ (రాష్ట్ర పట్టణ ప్రణాళిక డైరెక్టరేట్) ద్వారా ప్రభుత్వానికి వెళ్లి మంజూరు కావాలి. అప్పటిదాకా గీతలు జరపొచ్చు. మంజూరై జీవో వచ్చాక ఒక్క సర్వే నంబరు జోన్ మార్చాలన్నా ల్యాండ్ యూజ్ మార్పిడి ఫైలు విడిగా నడపాలి, అందుకు ఏళ్లు పడతాయి.

రేపే ఆఫీసుకెళ్లి గోడ మీది మ్యాపు ఒక్కటి చూసి రాకండి. ముసాయిదాలో మూడు ఉంటాయి: ఇప్పుడు భూమి ఎలా వాడుతున్నారో చూపే మ్యాపు, రేపు ఎలా వాడాలో చూపే మ్యాపు, వాటి వెనకాల ఒక రిపోర్టు. జనం రెండోదాన్ని చూసి గొడవ పడతారు, తప్పులు ఎక్కువగా దొరికేది మాత్రం మొదటిదాంట్లోనే. కన్సల్టెన్సీ వాళ్లు ఉపగ్రహ చిత్రం ముందు పెట్టుకుని గీస్తారు. ఎండాకాలంలో తీసిన చిత్రంలో బీడులా కనిపించేది వానాకాలంలో వరి పొలం. కుంట ఎండిపోయి ఉంటే ఖాళీ జాగా అని రాసేస్తారు, శిఖం భూమి, అంటే నీళ్లు నిలిచే చెరువు గర్భం అని వాళ్లకు తెలియదు. మీ ఊరి పంట కాలువలు, కుంటలు, బోర్లు, శ్మశానం, బండ్ల బాట మొదటి మ్యాపులో ఉన్నాయో లేదో చూడండి. అవే లేకపోతే, వాటి మీద గీసిన రెండో మ్యాపును ప్రశ్నించడానికి మీకు గట్టి ఆధారం దొరికినట్టే.

రంగుల సంగతి: పసుపు నివాసం, నీలం వాణిజ్యం, ఊదా పరిశ్రమలు, ఎరుపు ప్రభుత్వ, ప్రజావసర భవనాలు, ముదురు ఆకుపచ్చ పార్కులు, మైదానాలు. మ్యాపు కిందే పట్టిక ఉంటుంది, ఒక్కోచోట కొద్దిగా మారుతుంది కాబట్టి దాన్ని కూడా ఫొటో తీసుకోండి.

విలీన_గ్రామం

అన్నా, కామారెడ్డి మర్చిపోయారా? మాది ఆ పక్కనే. 2022 నవంబర్‌లో ముసాయిదా వచ్చింది, మీది లాంటిదే, పొలాల్లో ఇండస్ట్రియల్ జోన్, 100 అడుగుల రోడ్లు. అడ్లూర్ ఎల్లారెడ్డి, ఇల్చిపూర్, టేక్రియాల్ లాంటి ఊళ్ల రైతులకు తమ పట్టా భూమి రంగు మారిందని వాళ్లనోటా వీళ్లనోటా తెలిసింది. ఒక్కరంటే ఒక్కరు ముందు ఊళ్లోకి వచ్చి కూర్చుని చెప్పలేదు. 2023 జనవరి మొదటి వారంలో ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. మర్నాడు కలెక్టరేట్ ముందు రైతుల ఆందోళన ఎలా సాగిందో రాష్ట్రమంతా చూసింది. అది ముసాయిదానే, ఎవరి భూమీ పోదు అని అధికారులు అప్పుడు చెప్పారు. ఆ మాట నవంబర్‌లోనే ఊరూరా తిరిగి చెప్పి ఉంటే, మా మాట విని ఉంటే, అంత దాకా వచ్చేదా?

జనవరి 20న కౌన్సిల్ అత్యవసరంగా కూర్చుని ముసాయిదా రద్దు చేయాలని తీర్మానం చేసింది. అదే నెలలో జగిత్యాలలో కూడా మాస్టర్ ప్లాన్ మీద జనం రోడ్డెక్కితే అక్కడా వెనక్కి తీసుకున్నారు. కాగితాలతో కదలలేదు, రోడ్డెక్కితే కదిలింది. నేను చూసింది ఇదే.

రింగురోడ్డు_కావాలి

నా మాట చాలామందికి నచ్చకపోవచ్చు, అయినా చెప్తాను. మా టౌన్లో బస్టాండు ముందు రోడ్డు 30 అడుగులు, లారీలన్నీ అందులోంచే పోతాయి, స్కూలు పిల్లలు ఆ పక్క నుంచే నడుస్తారు. 2000 తర్వాత కట్టిన కాలనీల్లో సగానికి డ్రైనేజీ లేదు, ఎందుకంటే ఎవరికి దొరికిన జాగాలో వాళ్లు వెంచరు వేశారు. ప్లాన్ లేకపోతే ఇదే జరుగుతుంది. బైపాస్ గీత గీస్తే ఎవరో ఒకరి పొలంలోంచే పోవాలి కదా. ప్రతి ఊరూ మా భూమి వద్దు అంటే ఇరవై ఏళ్ల తర్వాత ఆ ఊరి పిల్లలే ఇరుకు సందుల్లో ఉంటారు. కామారెడ్డిలో ముసాయిదా ఆగింది, మంచిదే, కానీ ఆ టౌనుకు రోడ్లు, మురుగు కాలువల అవసరం ఆగిపోయిందా? వద్దు అనడం ఒక్కటే పాల్గొనడం అయితే మిగిలేది రియల్ ఎస్టేట్ వాళ్లు వేసిన ప్లానే.

విలీన_గ్రామం

రోడ్డు వద్దని నేను అనలేదు. రోడ్డు ఎటు పోవాలో అడగమన్నాం. పెద్దోళ్ల వెంచరు దగ్గరికి వచ్చేసరికి గీత వంకర తిరిగి చిన్న రైతు రెండెకరాల్లోకి వస్తే అడగొద్దా? ఆ రెండెకరాలు పోతే ఆ ఇంటికి ఇంకో బతుకుతెరువు లేదు. మీరు చెప్పే పిల్లల్లో వాళ్ల పిల్లలు కూడా ఉన్నారు.

పాత_ప్లానర్

ఇద్దరూ చెప్పింది నిజమే, గొడవ పడకండి. ఒక విషయం స్పష్టం చేస్తాను, ఇక్కడే జనంలో భయం ఎక్కువ. మాస్టర్ ప్లాన్లో రోడ్డు గీత పడినంత మాత్రాన భూమి మున్సిపాలిటీది అయిపోదు. తీసుకోవాలంటే భూసేకరణ జరగాలి, 2013 చట్టం ప్రకారం నోటీసు, విచారణ, పరిహారం అన్నీ ఉంటాయి. లేదా యజమాని ఒప్పుకుంటే టీడీఆర్ ఇస్తారు, అంటే డబ్బుకు బదులు వేరేచోట కట్టుకునే లేదా అమ్ముకునే నిర్మాణ హక్కు. కానీ గీత పడ్డ రోజు నుంచే నష్టం మొదలవుతుందన్నది కూడా అంతే నిజం. ఆ జాగాలో ఇంటికి పర్మిషన్ రాదు, కొనేవాడు రాడు, కూతురి పెళ్లికి అర ఎకరం అమ్ముదామంటే సగం ధర కూడా పలకదు. రోడ్డు వేయడానికి డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు, పదేళ్లు పట్టొచ్చు, అసలు రాకపోవచ్చు. "ఎవరి భూమీ పోదు" అని అధికారులు చెప్పేది కాగితం మీద సరైన మాటే, రైతుకు జరిగేది మాత్రం వేరు. ఈ తేడా అర్థం చేసుకోకుండా ఊళ్లోకి వెళ్లి సర్దిచెప్పబోతే ఎవరూ వినరు.

ఆక్లాండ్_తెలుగు

నేను న్యూజిలాండ్‌లో ఉంటాను, ఇక్కడ ఎలా జరుగుతుందో చెప్తాను, పనికొస్తుందేమో చూడండి. ఇక్కడ ప్రతి కౌన్సిలూ మూడేళ్లకొకసారి వచ్చే పదేళ్లకు ప్రణాళిక వేయాలి, 2002 నాటి స్థానిక ప్రభుత్వ చట్టంలో ఉంది. నీళ్ల పైపులు, డ్రైనేజీ, రోడ్ల లాంటి వాటికి 30 ఏళ్ల ముందుచూపు కూడా అందులో చూపించాలి. జనం రాసి ఇవ్వడానికి కనీసం ఒక నెల టైం, ఇచ్చినవాళ్లు కావాలంటే కౌన్సిలర్ల ముందుకెళ్లి నోటితో చెప్పుకోవచ్చు.

నాకు నచ్చింది ఏమిటంటే, జనం ముందు పెట్టే పత్రంలో ఒక్క ప్లాన్ ఉండదు, దారులు రెండు మూడు ఉంటాయి, ఏ దారికి ఇంటి పన్ను ఎంత పెరుగుతుందో పక్కనే రాస్తారు. 2024లో ఆక్లాండ్ కౌన్సిల్ మూడు పెట్టింది: మధ్యస్థంగా ఉండే ప్రతిపాదన, ఎక్కువ కట్టి ఎక్కువ సేవలు పొందడం, తక్కువ కట్టి తక్కువ పొందడం. మధ్యదానిలో సగటు ఇంటికి మొదటి ఏడాది పన్ను 7.5 శాతం పెరుగుతుందన్నారు. 28 వేలకు దగ్గరగా అభిప్రాయాలు వచ్చాయి. చివరికి 6.8 శాతం దగ్గర ఖాయం చేశారు. ఇక్కడ కూడా అందరూ రారు, పెద్ద వయసువాళ్లు, సొంత ఇల్లున్నవాళ్లు ఎక్కువ రాస్తారు, అద్దెకుండేవాళ్లు, కొత్తగా వచ్చినవాళ్లు తక్కువ, మన తెలుగువాళ్లయితే మరీ తక్కువ. నేను గ్రంథాలయానికి వెళ్లి ఫారం నింపి ఇచ్చాను, మా వీధి ఫుట్‌పాత్ గురించి. ఏం నిర్ణయించారో, ఎందుకో కౌన్సిల్ రాతపూర్వకంగా బయటపెట్టింది. నేను అడిగింది కాలేదు, ఎందుకు కాలేదో తెలిసింది.

పాతబజార్_సీను

బ్రదర్, అక్కడ జనం తక్కువ, డబ్బు ఎక్కువ. ఇక్కడ అవన్నీ కుదరవు.

పంచాయతీ_అక్క

ఎందుకు కుదరవు తమ్ముడూ? మనకూ చట్టంలో అంతా ఉంది. 73, 74 రాజ్యాంగ సవరణలు 1993లోనే అమల్లోకి వచ్చాయి. పంచాయతీ తన ప్రణాళిక తనే వేసుకోవాలని, జిల్లాకు ప్రణాళికా కమిటీ ఉండాలని, అందులో అయిదింట నాలుగు వంతులు ఎన్నికైనవాళ్లే ఉండాలని రాసి ఉంది. మాది ప్రకాశం జిల్లా, నేను అయిదేళ్లు వార్డు మెంబరుగా చేశాను. ఏటా అక్టోబర్ 2 నుంచి జీపీడీపీ కోసం గ్రామసభలు పెట్టాలి, గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక అంటారే, అది. మా మొదటి ఏడాది సెక్రటరీ గారు పోర్టల్లో ఎక్కించాల్సిన పనుల లిస్టు ముందే రాసుకొచ్చి చదివారు, అందరూ చేతులెత్తారు, అయిపోయింది. పొద్దున పదింటికి సభ పెడితే కూలికి వెళ్లే ఆడవాళ్లు ఎలా వస్తారు? వచ్చేది అరుగు మీద కూర్చునే పదిమందే.

రెండో ఏడాది డ్వాక్రా సంఘాల్లో ముందు మాట్లాడుకున్నాం. ఎస్సీ కాలనీలో సాయంత్రం విడిగా కూర్చున్నాం. అక్కడ బయటపడిన సంగతి ఏమిటంటే, లిస్టులో ఉన్న సీసీ రోడ్డు ఎవరికీ అంత అవసరం లేదు, కాలనీ చివర బోరు నీళ్లు ఉప్పగా వచ్చి పిల్లలు వాంతులు చేసుకుంటున్నారు. అప్పటి 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలని ఉండేది, అంటే డబ్బుకు లోటు లేదు, అడిగే నోరే లేదు. పైపులైను పొడిగింపు లిస్టులోకి వచ్చింది. కొట్లాడితే రాలేదు, సభకు ముందే నలభై మంది ఒకే మాట మీద ఉంటే వచ్చింది.

2024 ఆగస్టు 23న మా రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. పెట్టడం మంచిదే, నేను సంతోషించాను. కానీ సభకు ముందు వారం ఏం జరిగింది, సభ తర్వాత నెల ఏం జరిగింది అన్నదే నేను చూస్తాను.

వాగొడ్డు

అక్కా, సాయంత్రం కూర్చోవడం అన్నది బాగుంది. మా దగ్గర కూడా మీటింగు అంటే మగవాళ్లే వస్తారు. పొలం మీద నిజంగా పనిచేసేది మా అమ్మ, పిన్నివాళ్లు. ఏ కాలువ ఏ నెలలో పారుతుందో నాకంటే వాళ్లకే బాగా తెలుసు. ఈ ఆదివారం గుడి దగ్గర కాకుండా సంఘం బిల్డింగులో పెడతాం.

త్రిశూర్_నుంచి

నేను ఉద్యోగరీత్యా కేరళలో ఉంటున్నాను. ఇక్కడ 1996లో జనకీయ ప్రణాళిక మొదలైంది, రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం నేరుగా స్థానిక సంస్థలకు ఇచ్చారు. అందువల్లే గ్రామసభకు విలువ వచ్చింది, చేతిలో డబ్బు లేని సభకు ఎవరొస్తారు? గ్రామసభలో అవసరాలు చెప్పాక వర్కింగ్ గ్రూపులు ఉంటాయి, వాటిలో రిటైరైన ఇంజనీర్లు, టీచర్లు కూర్చుని జనం అడిగినదాన్ని ఎస్టిమేటుగా మారుస్తారు. మనకు లోటు అక్కడే అనిపిస్తుంది. జనం నొప్పి చెప్పగలరు, డ్రాయింగు గీయలేరు. ఇంజనీరు డ్రాయింగు గీయగలడు, నొప్పి తెలియదు. వీళ్లిద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే చోటు ఉండాలి. కేరళలో కూడా ఇప్పుడు సభలకు జనం తగ్గారని ఇక్కడివాళ్లే బాధపడతారు, లబ్ధిదారుల లిస్టు ఉన్న రోజే నిండుతుందంటారు. అయినా ఆ అలవాటు పోలేదు.

వార్డు_కమిటీ_సభ్యురాలు

తెలంగాణ పట్టణాల్లోనూ అలాంటి చోటు ఉంది, ఎవరూ వాడట్లేదు. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు: యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖులు, ఒక్కోదాంట్లో 15 మంది. అంటే వార్డుకు 60 మంది! నన్ను మహిళా కమిటీలో వేశారని ఫోన్ చేసి చెప్పారు. మొక్కలు నాటడానికి, చెత్త తడి పొడి వేరు చేయమని చెప్పడానికి పిలిచారు, ఆ రెండూ ఇష్టంగానే చేశాను. మాస్టర్ ప్లాన్ తయారవుతున్న రెండేళ్లలో ఒక్కసారి కూడా మ్యాపు మా ముందు పెట్టలేదు. ఆ 60 మంది ముందు బేస్ మ్యాపు (ఇప్పుడు భూమి ఎలా ఉందో చూపేది) పరిచి "ఇందులో తప్పేముంది చెప్పండి" అని ఒక్క పూట అడిగితే చాలు, తర్వాత వచ్చే అభ్యంతరాల్లో సగం రావు. నేను కోపంతో అనట్లేదు, నిజంగా అడుగుతున్నాను, ఎందుకు పెట్టరు?

పాత_ప్లానర్

అమ్మా, మీ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు చెప్తాను. రెండు భయాలు. ముందే మ్యాపు బయటపెడితే రోడ్డు పక్క భూములు కొనేవాళ్లు దిగిపోతారని ఒకటి. ఇది ఉత్తిమాట కాదు, అయినా వాళ్లకు ఎలాగూ ముందే తెలుస్తుంది, తెలియనిది చిన్న రైతుకే. రెండోది, కన్సల్టెన్సీకి ఇచ్చిన గడువు, బిల్లు. జనంతో కూర్చోవడానికి ఒప్పందంలో టైం రాసి ఉండదు, కాబట్టి కూర్చోరు. కేంద్రం అమృత్ పథకం కింద 500 పట్టణాలకు జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపింగ్) మాస్టర్ ప్లాన్లు అనుకున్నారు, దాంతో మ్యాపుల నాణ్యత పెరిగింది, ఒప్పుకోవాలి. కానీ జీఐఎస్‌కు కుంట ఎవరిదో, బాట ఎవరు వాడతారో తెలియదు. ముసాయిదా ప్రచురించాక అభ్యంతరం అడగడం అంటే గోడలు లేచాక గుమ్మం ఎటు పెట్టాలని అడగడమే. నా సర్వీసంతా నన్ను బాధపెట్టిన విషయం ఇదే, ఇప్పుడు కూడా అదే అంటాను, అడగాల్సింది గీత గీయకముందు.

అయితే వాగొడ్డు గారికి ఇప్పుడు ఉన్నవి 50 రోజులు. కాబట్టి:

మ్యాపు సాఫ్ట్ కాపీ, రిపోర్టు కావాలని కమిషనర్‌కు దరఖాస్తు ఇవ్వండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద పెట్టండి, పది రూపాయల ఫీజు, కానీ జవాబుకు వాళ్లకు 30 రోజులు ఉంటుంది కాబట్టి ఈ వారమే పెట్టాలి. రిపోర్టులో జనాభా అంచనా అధ్యాయం ముందు చదవండి. 20 ఏళ్లలో జనాభా ఎంత అవుతుందన్నారు, దానికి ఎన్ని ఎకరాల ఇండస్ట్రియల్ జోన్ కావాలన్నారు, ఏ లెక్కన? ఆ లెక్క బలహీనంగా ఉంటే మొత్తం ఊదా రంగు మీదే ప్రశ్న వేయొచ్చు.

అభ్యంతరం ఊరంతా కలిపి ఒకటి, ఎవరి సర్వే నంబరుకు వాళ్లు ఒకటి, రెండు రకాలూ ఇవ్వండి. ఒకే కాగితం జిరాక్స్ తీసి ఐదు వందల మంది సంతకం పెడితే ఆఫీసులో దాన్ని ఒక్క అభ్యంతరంగానే రాసుకునే అవకాశం ఉంది.

రింగురోడ్డు_కావాలి

సార్, రోడ్డుకు వేరే అలైన్‌మెంట్, అంటే వేరే దారి చూపించొచ్చా? మా టౌన్లో కూడా ఇలాంటి గొడవే ఉంది, పాత బండ్ల బాట వెడల్పు చేస్తే సగం పొలాలు మిగులుతాయి అంటున్నారు రైతులు.

పాత_ప్లానర్

తప్పకుండా చూపించాలి. "వద్దు" అని రాసిన కాగితం కంటే "ఇక్కడ వద్దు, ఇటు పోతే ప్రభుత్వ భూమి ఇంత వస్తుంది, పట్టా భూమి ఇంత తగ్గుతుంది" అని రాసిన కాగితాన్ని పక్కన పెట్టడం కష్టం. గ్రామ నక్షా మీద పెన్సిల్‌తో గీసి జత చేయండి. మీరూ విలీన_గ్రామం గారూ ఒకరినొకరు కాదనుకోనక్కర్లేదు, మీ ఇద్దరికీ కావాల్సిన రోడ్డు ఆ బండ్ల బాట మీదే ఉండొచ్చు.

విలీన_గ్రామం

ఇది ఒప్పుకుంటాను. కానీ కౌన్సిల్ మాట కూడా చెప్పండి. కాగితాలన్నీ ఇచ్చాక వాళ్లు తీర్మానంలో "పరిశీలించి తిరస్కరించడమైనది" అని ఒక్క లైను రాస్తే? పాలకవర్గం గడువు అయిపోయి స్పెషల్ ఆఫీసర్ ఉంటే ఇంకా ఘోరం, అడగడానికి కౌన్సిలర్ కూడా ఉండడు. 2025 జనవరిలో గడువు ముగిశాక మా దగ్గర అదే పరిస్థితి వచ్చింది. కామారెడ్డిలో 2023 ఎన్నికల్లో ఇద్దరు పెద్ద నాయకులు నిలబడితే ఇద్దరినీ కాదని జనం మూడో ఆయన్ని గెలిపించారు, అందులో మాస్టర్ ప్లాన్ మంట పాత్ర ఉందని మా దగ్గర అందరూ అంటారు. అంత బాధ జనం గుండెల్లో ఉంటుంది.

పంచాయతీ_అక్క

ఒక్క లైను రాయకుండా ఉండాలంటే తీర్మానం రోజున మీరు అక్కడ ఉండాలి తమ్ముడూ. కాగితం ఇచ్చేసి ఇంటికి రావద్దు. ప్రతి అభ్యంతరానికీ ఏం నిర్ణయించారు, ఎందుకు అని పట్టికగా ఇవ్వమని అభ్యంతరంలోనే ఒక పేరా రాయండి. ఆక్లాండ్ తమ్ముడు చెప్పింది అదే కదా, కారణం చెప్పాలి. అడిగినట్టు రికార్డు ఉంటే రేపు కోర్టుకు వెళ్లినా పనికొస్తుంది.

వాగొడ్డు

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న కమిషనర్ ఆఫీసుకు వెళ్లాం, ఆరుగురం. సాఫ్ట్ కాపీ లేదన్నారు, దరఖాస్తు మాత్రం తీసుకుని ముద్ర వేశారు. ఇంకో సంగతి, మొదటి మ్యాపు చూపించమని అడిగితే లోపలి గదిలోంచి తెచ్చారు. మా ఊరి రెండు కుంటల్లో ఒకటి అందులో లేదు. ఫొటో తీసుకున్నాం. ఆదివారం మీటింగు ఉంది, అమ్మవాళ్ల సంఘం వాళ్లు వస్తామన్నారు. రాయడానికి ఒక నమూనా ఇస్తారా సార్?

పాత_ప్లానర్

శభాష్, ఆ కుంట ఒక్కటి చాలు గట్టిగా నిలబడటానికి. ఇరిగేషన్ వాళ్ల దగ్గర చెరువుల జాబితాలో దాని పేరు, ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) విస్తీర్ణం ఉంటే తీసుకుని జత చేయండి.

నమూనా ఇది, మీ మాటల్లోకి మార్చుకోండి:

"మున్సిపల్ కమిషనర్ గారికి. ఫలానా తేదీన ప్రచురించిన మాస్టర్ ప్లాన్ ముసాయిదాపై అభ్యంతరం, సలహా. నా పేరు, ఊరు, సర్వే నంబరు, విస్తీర్ణం. ప్రస్తుతం ఈ భూమిలో రెండు పంటలు వరి పండిస్తున్నాము, నీటి ఆధారం ఫలానా కుంట. ప్రస్తుత భూ వినియోగ మ్యాపులో ఈ కుంటను చూపలేదు, కావున ఆ మ్యాపు సరిచేసే వరకు ప్రతిపాదిత మ్యాపును ఖరారు చేయవద్దని కోరుతున్నాను. ప్రతిపాదిత 100 అడుగుల రోడ్డుకు బదులు జతచేసిన నక్షాలో చూపిన బాటను పరిశీలించగలరు. నన్ను స్వయంగా విచారణకు పిలవాలని, నా అభ్యంతరంపై తీసుకున్న నిర్ణయాన్ని కారణాలతో సహా రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను."

రెండు కాపీలు, ఒకదాని మీద తేదీతో ముద్ర. ఇన్వార్డు నంబరు (ఆఫీసు రిజిస్టర్లో ఎక్కినట్టు ఇచ్చే నంబరు) లేకుండా ఆ కాపీ వెనక్కి తీసుకోవద్దు.

కౌలు_రైతు

సార్ నేను మూడెకరాలు కౌలుకు చేస్తున్నాను, పాసుబుక్కు నా పేరు మీద లేదు. మా అన్న ఇల్లు గ్రామకంఠంలో ఉంది, దానికీ కాగితం లేదు. మేం ఇవ్వొచ్చా, లేక పట్టాదారులేనా?

పాత_ప్లానర్

ఇవ్వొచ్చు బాబూ. ప్రజలందరి నుంచీ అభ్యంతరాలు, సలహాలు అని నోటీసులో ఉంటుంది, పట్టాదారుల నుంచే అని ఉండదు. కౌలు చేస్తున్నానని, ఎన్నేళ్ల నుంచి చేస్తున్నానని రాయండి. మీ అన్న ఇంటి పన్ను రసీదు గానీ కరెంటు బిల్లు గానీ జత చేస్తే సరిపోతుంది.

వాగొడ్డు

అన్నా, మీది ఏ జిల్లా? దగ్గర్లో అయితే ఆదివారం మా మీటింగుకు రండి. మీ కాగితం కూడా అక్కడే రాసేద్దాం.